గురజాలలో గేరు పంచాయితీ

నరసరావుపేట నుంచి మాచర్లకు బస్సులున్నాయి. ఆ సంగతి నాకు తెలియదేమోనని దారి పొడవునా ఊరికొకరు చొప్పున చెప్పారు. కొందరు టైములు కూడా చెప్పారు. నేనూ మా మరదలు పద్మా హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ళ మీద పోతుంటే, పాపం వీళ్ళకేదో కష్టమొచ్చిందని అనుకున్నవాళ్ళే ఎక్కువ. మా వైపు నడివయసు ఆడమనిషి సైకిల్ తొక్కుతున్నదంటే ఇంట్లో బండి చెడిపోయి ఉండాలి, లేదా మొగుడు చెడిపోయి ఉండాలి. మా ఆయన ఏ రకంగానూ చెడిపోలేదు. మేం వెళ్ళినన్ని రోజులూ బుద్ధిగా మా మందుల షాపులో కూర్చున్నాడు.

రోజూ తెల్లవారుజామున కోటప్పకొండ రోడ్డులో ఒక గంట సైకిల్ తొక్కడం నాకు అలవాటు. షాపు తెరిచింది మొదలు కట్టేసేదాకా ఎవరో ఒకరు వచ్చి కడుపు చూపించో, గొంతు చూపించో బిళ్ళ అడుగుతారు. ఆ గంటలో మాత్రం ఎవరూ అడగరు. ఆ గంట నాకు ఎంత ముఖ్యమో ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. చిక్కల్లా నా పాత సైకిల్ ఎత్తులు ఎక్కదు, నా మోకాళ్ళు అసలే ఎక్కవు.

మా తమ్ముడు శ్రీను దగ్గర గేర్ల సైకిల్ ఉంది. వాడిది మిర్చి తోలే లారీ. వరంగల్లులో ఎవరో కాలేజీ కుర్రాడి దగ్గర ఆ సైకిల్ కొనుక్కొచ్చి, నాలుగు రోజులు వీధిలో తిప్పి, గోడకు ఆనించేశాడు. మాచర్ల దాకా వెళ్ళొస్తాను, ఇవ్వమని అడిగితే ఊరికే ఇవ్వలేదు. మా అమ్మను కూర్చోబెట్టి షరతు పెట్టాడు. చెక్కుచెదరకుండా తిరిగి తెస్తే సైకిల్ నాదే. ఏదన్నా విరగ్గొడితే మాత్రం ఈ తొక్కుడు పూర్తిగా మానేసి, అందరు ఆడవాళ్ళలాగా స్టేడియంలో రౌండ్లు నడుచుకోవాలి. నేను సరేనన్నాను. పద్మ శ్రీను భార్య. తన సైకిల్ మీద తోడొస్తానన్నది. ఆవిడ ఎందుకంత గట్టిగా పట్టుబట్టిందో అప్పుడు నాకు తట్టలేదు.

నకరికల్లు టీ

కోటప్పకొండ తిరునాళ్ళ హడావుడి అయిపోయి, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. పొద్దున్నే మంచు పట్టి రోడ్డు కనిపించలేదు. పద్మ సైకిల్ వెనక దీపం చూసుకుంటూ వెళ్ళాను. నకరికల్లులో ఆగి టీ తాగాం. పది రూపాయల టీలో అల్లం ఎంత వేశారంటే, మా షాపులో దగ్గు మందు అమ్ముడుపోకపోవడానికి కారణం ఇలాంటి హోటళ్ళే అనిపించింది. టీ కొట్టాయన మా ఆయన ఏం చేస్తాడని అడిగాడు. మందుల షాపు అన్నాను. బండి కొనిపెట్టలేడా అని ఆయన బాధ. లారీ కూడా ఉంది మా ఇంట్లో అని పద్మ అన్నది. ఆ తర్వాత ఆయన మాతో మాట్లాడలేదు, మేం ఎగతాళి చేస్తున్నామనుకున్నట్టున్నాడు.

గేర్ల సైకిల్ తొక్కడం నాకు కొత్త గనుక దాని అంగాంగాలు ఆ పొద్దున్నే పరిచయం చేసుకున్నాను. వెనక చక్రానికి వరసగా చిన్నవీ పెద్దవీ పళ్ళచక్రాలుంటాయి. వాటి కింద ఒక ఇనుప చెయ్యి వేలాడుతుంటుంది. హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే ఆ చెయ్యి చైనును ఒక చక్రం మీద నుంచి ఇంకో చక్రం మీదకు తోస్తుంది. దాన్ని డీరెయిలర్ అంటారు. పెద్ద చక్రం మీదకు చైను వచ్చినప్పుడు ఎత్తు కూడా మెత్తగా మారిపోతుంది. మొదటిసారి ఒక వంతెన ఎత్తు దిగకుండా ఎక్కినప్పుడు, ఇన్నేళ్ళూ ఇది నాకెవరూ ఎందుకు చెప్పలేదని నిజంగా కోపం వచ్చింది.

పిడుగురాళ్ళ దాటాక

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొగ, సున్నం లారీల దుమ్ము. ఊరు దాటేసరికి ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, కనుబొమ్మలతో సహా. మొహం కడుక్కోవడానికి రోడ్డు పక్కన ఒక మిరప కల్లం దగ్గర ఆగాం. సైకిళ్ళు రోడ్డు మీదే పెట్టి బోరు దగ్గరకు వెళ్ళాం. ఈ చిన్న సంగతి తర్వాత విచారణలో చాలా పనికొచ్చింది, అందుకే చెబుతున్నాను.

కల్లంలో కాయలు ఏరుతున్న వెంకాయమ్మ అనే ఆమె మమ్మల్ని వదల్లేదు. అన్నం తిని కదలమన్నది. పచ్చి పండుమిరపకాయల పచ్చడి, చల్లన్నం, ఉల్లిపాయ. మా నరసరావుపేటలో పండుమిరపకాయ పచ్చట్లో చింతపండు దండిగా వేస్తాం. ఇక్కడ చింతపండు పేరుకే. రెండో ముద్దకు నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. ఆమె మాత్రం కారం తక్కువైందని నొచ్చుకున్నది.

తిన్నాక వెంకాయమ్మ మా పద్మ సైకిల్ వంక చూసి, ఒక్కసారి ఎక్కనా అన్నది. బడికి పోయే రోజుల్లో తొక్కిందట. పెళ్ళయ్యాక ఎక్కలేదట. చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కి, మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. లోపలికి వెళ్ళి ఒక సీసా నిండా ఆ పచ్చడే పెట్టి మా సంచిలో పడేసింది.

అక్కడి నుంచి గురజాల వైపు రోడ్డు మెల్లగా ఎత్తు. నేను మీట నొక్కాను. చైను పెద్ద చక్రం ఎక్కబోయింది. వెనక నుంచి రోట్లో గంటె పడ్డట్టు పెద్ద చప్పుడు. చక్రం బిగుసుకుపోయింది. నేను పక్కనున్న గట్టు మీద, నా మీద సైకిలు. మోచెయ్యి చర్మం లేచింది, అంతే. లేచి చూస్తే డీరెయిలర్ చక్రం పుల్లల్లో ఇరుక్కుని, చైనుకు వేలాడుతోంది. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే వేలెడంత ముక్క రెండుగా విరిగింది.

పద్మ ముందు నా మోచెయ్యి చూసింది, తర్వాత విరిగిన ముక్క చూసింది. ముక్క చూసినప్పుడే ఎక్కువ భయపడింది. నాకు మాత్రం స్టేడియం కనిపించింది. చుట్టూ రౌండ్లు వేస్తున్న ఆడవాళ్ళు, బీపీ బిళ్ళ తినక ముందా తిన్నాకా అని నన్ను అడుగుతూ.

ఖాజా కొట్టు

నాపరాళ్ళు దించి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు మమ్మల్ని గురజాల చేర్చింది. డ్రైవరు దారిలోనే తీర్పు చెప్పేశాడు. గేర్లు ఆడవాళ్ళకు పడవట. మా పక్కింటి పిన్ని అయితే దిష్టి అనేది. ఇద్దరిలో పిన్నే నయమనిపించింది, ఆవిడ తప్పు నామీద వెయ్యదు.

బస్టాండు దగ్గర ఖాజా అనే మెకానిక్కు కొట్టు చూపించారు. ఖాజా చేసేది మోటారు సైకిళ్ళ పని. గేర్ల సైకిళ్ళు అప్పుడప్పుడు పిల్లలవి వస్తాయట. కొట్టు ముందు ఒక మంచి కుర్చీ ఉంది. అందులో కోటయ్య అనే పెద్దాయన ఉన్నారు. కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరయ్యారు. కోర్టు మానేశారు గానీ విచారణలు మానలేదు.

గురజాల కోర్టులున్న ఊరు. మా పేటలో ఏదన్నా విరిగితే ఎంతవుతుందని అడుగుతారు. ఇక్కడ ఎవరు విరగ్గొట్టారని అడుగుతారు. సైకిల్ దించిన కాసేపటికే కొట్టు ముందు జనం రెండు పార్టీలయ్యారు. తొక్కుడులోనే లోపమని ఖాజా పార్టీ. గట్టిగా తొక్కుతూ మీట నొక్కితే చైను మీద బరువు పడి ఈ ముక్క విరుగుతుందన్నాడు. ఆ ముక్కను హ్యాంగర్ అంటారని కూడా చెప్పాడు. సైకిల్లోనే లోపమని కోటయ్యగారి పార్టీ. ఆయనకు సైకిళ్ళ గురించి ఏమీ తెలియదు. ఖాజా అటున్నాడు గనుక ఆయన ఇటున్నారు. ఇద్దరూ రోజూ ఇంతేనట, నిన్న కరెంటు మీటరు మీద పడ్డారట.

నా పందెం సంగతి చెప్పాను. అంతే, టీలు వచ్చాయి. ఇక ఇది రిపేరు కాదు, కేసు.

కోటయ్యగారు విరిగిన ముక్కను తన జేబురుమాలులో పెట్టమన్నారు, చేత్తో ముట్టుకోవద్దన్నారు. తర్వాత నన్ను బోనులో నిలబెట్టారు. లేచి నిలబడి తొక్కావా, కూర్చునా? కూర్చునే. కిందపడ్డాక విరిగిందా, విరిగాక కిందపడ్డావా? విరిగాకే. అంతకు ముందు చప్పుడేమన్నా వచ్చిందా? పొద్దుటి నుంచీ పెద్ద చక్రం మీద ఉన్నప్పుడు టిక్కు టిక్కుమంటోంది, సైకిళ్ళన్నీ అంతేననుకున్నాను. ఖాజా తలెత్తి చూశాడు. కోటయ్యగారికి ఆ చూపు నచ్చింది.

"కొట్లాట కేసుల్లో డాక్టరు వచ్చినాక వకీలు అడిగే మొదటి మాట ఏందో తెలుసా అమ్మాయ్? ఇది పాత గాయమా, కొత్త గాయమా అని," అన్నారాయన. "ముందు అది తేల్చండి. మిగతాది తర్వాత."

నాకు సిగ్గేసింది. రోజూ కౌంటర్లో పుండు చూపించేవాళ్ళను నేను అడిగే మొదటి మాటే అది. ముక్కను వెలుగులోకి తీసుకెళ్ళి విరిగిన చోట చూశాను. సగం తళతళలాడుతోంది, కొత్త స్టీలు గిన్నెలాగా. మిగతా సగం నల్లగా మాసిపోయి ఉంది. ఆ మాసిన సగం ఇవాళ విరిగింది కాదు. ఎప్పుడో పగులిచ్చి, మిగిలిన సగం మీద ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. వెనకవైపు రెండు నొక్కులు కూడా ఉన్నాయి, దేనితోనో కొట్టినట్టు.

ఖాజా కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వంగిన హ్యాంగర్‌ను ఎవరో కొట్టి సరిచేశారని ఒప్పుకున్నాడు. ఇది అల్యూమినియం, ఒకసారి వంగితే మళ్ళీ వంచకూడదు, లోపల పగులుతుంది. అది సరిగా నిలవకపోతే డీరెయిలర్ లోపలికి వాలి, పెద్ద చక్రం వేసినప్పుడు పుల్లల్లో పడుతుంది. టిక్కు టిక్కు అదే. పార్టీ మారడానికి ఇబ్బంది పడుతూనే ఇదంతా చెప్పాడు.

పగులు సందులో గ్రీజుతో గట్టిపడి ఎర్రటి పొడి ఉంది. తుప్పన్నారొకరు. అల్యూమినియానికి ఎర్ర తుప్పెక్కడిదని ఖాజా స్క్రూడ్రైవరు మొనతో గీరి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. నేను తీసుకుని వాసన చూశాను. నేనూ తుమ్మాను. కోటయ్యగారు రుజువు కోసం పీల్చి వరసగా తుమ్ముతూ కుర్చీలో కూలబడ్డారు. ఆ తర్వాత జనం ఒక్కొక్కరూ వచ్చి వాసన చూసి తుమ్మి వెళ్ళారు, తీర్థం పుచ్చుకున్నట్టు.

మిరప ఘాటు. పల్నాడులో ఆ వాసన చెప్పడానికి పరీక్షలక్కర్లేదు. కోటయ్యగారు కళ్ళు తుడుచుకుంటూనే అడ్డుప్రశ్న వేశారు. వచ్చిన ట్రాక్టరులో మిరపకాయలున్నాయా? లేవు, అది నాపరాళ్ళు తోలేది. దారిలో కల్లంలోకి సైకిల్ తీసుకెళ్ళారా? లేదు, రోడ్డు మీదే పెట్టాం. అయితే ఈ పొడి ఇవాళ్టిది కాదు.

మా వైపు మిర్చి లారీ ఉన్నవాళ్ళు ఏది తెచ్చుకోవాలన్నా అందులోనే వేసుకొస్తారు. బీరువాలు, మంచాలు, ఒకసారి మా చిన్నాన్న దేవుడి పటం కూడా. ఇంటికి చేరాక ఇంటిల్లిపాదీ తుమ్మి దించుకుంటారు. వరంగల్లు నుంచి సైకిల్ ఎలా వచ్చి ఉంటుందో నాకు తట్టింది. పద్మ వంక చూశాను. ఆవిడ టీ గ్లాసులోకి చూస్తోంది.

శ్రీనుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. గేరు విరిగిందని మాత్రమే చెప్పాను. వాడి సంతోషం చెప్పనలవి కాదు. ముందే చెప్పానా, నీకెందుకమ్మా ఇయన్నీ, రేపు మాచర్లలో లోడుంది, నేనే వచ్చి లారీలో తీసుకొస్తాను, అమ్మకు నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అని ఏకబిగిన అన్నాడు. ఊపిరి తీసుకుని, కాస్త గొంతు తగ్గించాడు.

"హ్యాంగర్ దగ్గరేనా అక్కా, పోయింది?"

ఆ మాట నేను ఖాజా దగ్గర ఆ మధ్యాహ్నమే నేర్చుకున్నాను. కోటయ్యగారు వేలెత్తి, అందరూ విన్నారుగా అన్నట్టు జనాన్ని చుట్టూ చూశారు. నేను అవునన్నాను, రేపు మాట్లాడదామని పెట్టేశాను.

పద్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నేను మాత్రం ఏం చెప్పలేదు వదినా. మీరే కనుక్కున్నారు. రేపు ఆయన అడిగితే వీళ్ళందరూ సాక్ష్యం."

ఇక ఆగలేదు. సైకిల్‌ను గేర్ల వైపు కిందకు పెట్టి లారీలో పడుకోబెట్టాడట. దాని మీద మిర్చి టిక్కీలు, అంటే నిండు బస్తాలు, వరసలు వరసలుగా వేయించాడట. ఇల్లు చేరేసరికి హ్యాంగర్ వంగిపోయి ఉంది. కొత్తది తెప్పించుకోమని గుంటూరులో చెప్పారు. వీడు సుత్తితో సరిచేసి, ఎవరికీ చెప్పొద్దని పద్మతో ఒట్టేయించుకున్నాడు. అందుకే ఆవిడ నాతో బయలుదేరింది, దారిలో ఏమన్నా అయితే పక్కనుండాలని. నేను పందెం గెలిచాను. గెలిచిన సంతోషం మాత్రం రాలేదు. హైవే మీద లారీల మధ్య విరిగి ఉంటే నేనేమయ్యేదాన్నో వాడికి తట్టలేదా? ఆ రాత్రి పద్మ వాళ్ళ మేనత్త ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర పెట్టారు. బాగున్నాయని చెప్పాను గానీ రుచి తెలియలేదు.

రెంటచింతల ఎండ

ఖాజా డీరెయిలర్ తీసేసి, చైను కురచ చేసి, ఒకే చక్రం మీద బిగించాడు. ఇప్పుడది గేర్లు లేని సైకిలు. నెమ్మదిగా వెళ్ళమన్నాడు. కోటయ్యగారు పొద్దున్నే వచ్చి, ముక్క ఉన్న జేబురుమాలు నా చేతిలో పెట్టి, ముద్దాయి ముందు ఒకేసారి తియ్యి, ముందుగా చూపించొద్దు అని సలహా చెప్పారు. రుమాలు తిరిగి అడగలేదు.

రెంటచింతలలో ఎండ గురించి అందరూ చెబుతారు, నేను నమ్మేదాన్ని కాదు. శివరాత్రి అయి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే రోడ్డు పెనంలా ఉంది. ఎత్తు వచ్చిన ప్రతిచోటా దిగి నడిపించాను. మజ్జిగ అమ్మే ఆమె మమ్మల్ని చూసి జాలిపడి, గ్లాసు నిండా పోసి పైన ఇంకాస్త పోసింది. బస్సు టైము కూడా చెప్పింది. నేనీసారి నవ్వలేదు. పద్మ నన్ను మాటల్లో పెట్టాలని చూసింది, ఆవిడ మొగుడి మీద కోపం ఆవిడ మీద చూపిస్తానేమోనని భయం. చూపించలేదు. వాడెందుకు చెప్పలేదో ఆవిడకూ తెలియదు. సైకిల్ ఎందుకు విరిగిందో తేలింది గానీ, అది తేలలేదు.

మాచర్ల

ఊరి మొదట్లోనే లారీ ఆపుకుని నిలబడి ఉన్నాడు శ్రీను. చేతిలో బిర్యానీ పొట్లాలు. వెనక డాలా తలుపు తెరిచి ఉంది, సైకిళ్ళు ఎక్కించడానికి. లోపల చెక్కల సందుల్లో ఎర్రటి పొడి.

నేను రుమాలు విప్పి ముక్క చూపించాను. మాసిన సగం, మెరిసే సగం. వాడు ముందు పద్మ వంక చూశాడు. ఆవిడ ఏమీ చెప్పలేదనీ, గురజాల మొత్తం తుమ్మి కనుక్కున్నదనీ చెప్పాను. ఒక్క క్షణం నవ్వబోయి ఆగిపోయాడు. సుత్తితో సరిచేశాను కదా, ఆడుద్దిలే అనుకున్నానన్నాడు. టిక్కీలు నేనే ఎక్కించానంటే నలుగురూ నవ్వుతారనుకున్నాడట.

"నవ్వితే నవ్వుతారు. హైవే మీద నా కిందే విరిగితే ఏందిరా నా గతి?" అన్నాను.

వాడు పొట్లాలు డాలా అంచు మీద పెట్టాడు. "నిజం చెప్పనా అక్కా? నువ్వు నకరికల్లు దాటి పోవనుకున్నా. ఆడ టీ తాగి తిరిగొస్తావు, అంత దూరానికి ఏం గాదులే అనుకున్నా."

అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది. వాడికి నా మీద ప్రేమ లేక కాదు. నాకు జ్వరమొస్తే మా ఆయన కంటే ముందు వాడే వస్తాడు. కానీ ఆ ముక్క మార్చకపోవడానికి కారణం బద్ధకం కాదు, సిగ్గు కూడా కాదు. మార్చాల్సినంత దూరం నేను వెళ్తానని వాడికి ఒక్కసారి కూడా అనిపించలేదు. గట్టు మీద పడ్డప్పుడు లేచిన చర్మం కంటే ఆ మాట ఎక్కువ మండింది.

సైకిల్ నీదే అక్కా, కొత్త హ్యాంగర్ తెప్పిస్తా, అమ్మకు నేనే చెప్తా, ఎక్కండి పోదాం అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొదటి మూడింటికీ సరేనన్నాను. బిర్యానీ కూడా తిన్నాం, డాలా అంచు మీద కూర్చుని, ముగ్గురం. తినేశాక చెయ్యి కడుక్కుని, సాగర్ రోడ్డు ఎటని అడిగాను.

గేర్లు లేవుగా అన్నాడు. లేవని నాకు తెలుసు, గురజాల నుంచి అలాగే వచ్చాను. పద్మ అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటోంది.

ఊరు దాటాక లారీ మా వెనకాలే నెమ్మదిగా వచ్చింది. కాసేపటికి ఎత్తు మొదలైంది. పొద్దుటి నుంచీ ప్రతి ఎత్తులోనూ దిగినదాన్ని, ఆ ఎత్తులో దిగలేదు. మోకాళ్ళు అరిచాయి, ఊపిరి అందలేదు, నడిచే మనిషి నన్ను దాటిపోయేంత నిదానంగా తొక్కాను. సగంలో వెనక నుంచి హారను మోగింది, చిన్నగా, ఇక ఎక్కమని బతిమాలుతున్నట్టు. నేను వెనక్కి తిరగలేదు. పద్మ ఒక చెయ్యి వదిలి, మొగుడి లారీని ముందుకు పొమ్మని ఊపింది.